డాక్టర్ బాబుది తప్పా, రాసినవాళ్ళదా? సీరియల్ జంట మీద వాదన నడిపే పద్ధతి

సీరియల్ జంట గురించి పదిమంది కూర్చుంటే పావుగంటలో గొంతులు లేస్తాయి. లేవాలి కూడా, లేకపోతే గాజువాక నుంచి ఎంవీపీ కాలనీ దాకా వచ్చి కూర్చోవడం దేనికి? చిక్కు అక్కడ కాదు. ఒకరు, కార్తీకదీపం సీరియల్‌లో భార్య దీపను అనుమానించిన డాక్టర్ బాబు, అంటే కార్తీక్, చేసిన తప్పు గురించి మాట్లాడుతుంటారు. ఇంకొకరు ఆ తప్పును ఏళ్ళ తరబడి సాగదీసినవాళ్ళను తిడుతుంటారు. మూడో ఆవిడ, ఆ పాత్ర వేసిన నిరుపమ్ కళ్ళతోనే సగం డైలాగ్ చెప్పేస్తాడు కదా అంటుంది. ముగ్గురూ ఒకరినొకరు కాదంటున్నామనే అనుకుంటారు గానీ ఎవరి మాటకూ ఎవరూ జవాబు చెప్పి ఉండరు. గంట తర్వాత లేచేటప్పటికి గొంతు నొప్పి తప్ప ఏమీ మిగలదు.

అందుకని ముందే మూడు ఖాతాలు తెరవాలి: పాత్ర, రాత, నటన. పాత్ర ఖాతాలో ఆ మనిషి ఏం చేశాడు, ఎందుకు చేశాడు, ఏం తెలిసి చేశాడు అనేవి పడతాయి. రాత ఖాతాలో కథను అలా తిప్పడానికి బయట ఉన్న కారణాలు. నటన ఖాతాలో ఆ ఇద్దరూ తెర మీద కలిసినప్పుడు పుట్టేది, అంటే మనం కెమిస్ట్రీ అని పిలుచుకునేది. ఎవరు నోరు తెరిచినా ముందు ఏ ఖాతాలో మాట్లాడుతున్నారో చెప్పాలి. మొదట్లో ఇది చాదస్తంలా అనిపిస్తుంది. రెండో వారానికి "పిన్నీ, ఇది రాత ఖాతా" అని పిల్లలే గుర్తుచేస్తారు.

ప్రశ్న ఒక్కటే

"వాళ్ళ జంట బాగుందా?" అనేది ప్రశ్న కాదు. అవునన్నవాళ్ళు అవునంటారు, కాదన్నవాళ్ళు కాదంటారు, అంతే. ప్రశ్నలో ఒక పని, ఒక సమయం, ఒక మనిషి ఉండాలి. కార్తీకదీపం తీసుకుంటే: "అనుమానం అబద్ధమని తేలాక దీప కార్తీక్‌ను ఇంట్లోకి రానివ్వడానికి ముందు ఏం అడిగి ఉండాలి?" గుప్పెడంత మనసు అయితే: "రిషి కాలేజీ ఎండీ, వసుధార అదే కాలేజీలో విద్యార్థిని. ఆ స్థితిలో అతని ప్రేమను ఆమె కాదనగలిగే వీలు నిజంగా ఉందా?" బ్రహ్మముడి అయితే: "అక్క స్థానంలో ముసుగులో కూర్చుని తాళి కట్టించుకున్న కావ్య, రాజ్ కోపాన్ని ఎంతకాలం భరించాలి? ఆ కోపం ఎక్కడ న్యాయం, ఎక్కడినుంచి పెత్తనం?"

ఒక కూర్పుకు ఒక ప్రశ్న చాలు. రెండు పెడితే రెండోది ఎప్పుడూ మొదటిదాన్ని తినేస్తుంది. ఇంకో జాగ్రత్త: ప్రశ్నలోనే తీర్పు దాచకండి. "అంత చేసినవాడిని దీప ఎలా క్షమించింది?" అని అడిగితే వాదన మొదలవకముందే ఒక పక్షం ఓడిపోయింది.

రోజు, వేళ, చోటు

చాలా సీరియళ్ళు సోమవారం నుంచి శనివారం దాకా వస్తాయి కాబట్టి ఆదివారం సాయంత్రమే అనువు. నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరింటికి ముగించండి. ఆరు దాటితే వంటలు, సోమవారం స్కూలు బట్టలు గుర్తొచ్చి ఒక్కొక్కరే లేస్తారు.

విశాఖలో ఇంకో చిక్కు ఉంది. స్టీల్ ప్లాంట్‌లోనో, పోర్టులోనో షిఫ్టులు చేసే ఇళ్ళు ప్రతి గుంపులోనూ ఉంటాయి. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా బీ షిఫ్టు పడిన వారం ఆ ఇంటాయన సాయంత్రం ఎపిసోడ్లన్నీ తప్పిపోతాడు. ఆయన ఇంటికొచ్చాక ఫోన్‌లో వెనక నుంచి చూసుకుంటూ వస్తాడు. అందుకని ప్రతి వారం ఒక గీత గీయాలి: "ఈ ఆదివారం గురువారం ఎపిసోడ్ దాకానే." శుక్ర, శనివారాల్లో ఎంత పెద్ద మలుపు వచ్చినా అది వచ్చే వారానికి. శనివారం ప్రోమో ఎవరైనా ఎత్తితే ఆపేయండి. ప్రోమో సీరియల్ కాదు. చెంపదెబ్బ కొట్టినట్టు చూపించి, సోమవారం అది కల అని తేల్చేసే ప్రోమోలు ఎన్ని చూడలేదు?

చోటు విషయానికొస్తే, అందరికీ మొదట తట్టేది ఆర్కే బీచ్. మాటలకు బాగుంటుంది, క్లిప్పులకు పనికిరాదు. మన సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం సముద్రం వైపు తిరిగి కూర్చుంటే ఎండ వీపు మీదుగా వచ్చి సరిగ్గా ఫోన్ తెర మీద పడుతుంది, మొహాలు కనబడవు. తెర కనబడే వేళకు అలల హోరు, గాలి, పల్లీలవాళ్ళ కేకల మధ్య చిన్న స్పీకర్‌లో డైలాగ్ వినబడదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీడ ఉంటుంది గానీ గోడలు మోగుతాయి. డబ్బింగ్ గొంతు గురించి ఏదైనా చెప్పాలంటే అక్కడ కుదరదు. మేడ మీద అయితే అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం లేని ఆదివారం చూసుకోవాలి. అన్నిటికన్నా ఒకరింటి హాలు, గోడకు టీవీ, ఎనిమిది నుంచి పన్నెండు మంది. పన్నెండు దాటితే వెనక వరుస వాళ్ళు వేరే ముచ్చట పెట్టుకుంటారు. ముగించాక మురీ మిక్చర్‌కు బీచ్‌కు వెళ్ళొచ్చు, అసలు వాదన మళ్ళీ అక్కడ మొదలవుతుందనుకోండి, దానికి నియమాలు అక్కర్లేదు.

క్లిప్పులు ఎంచడం

మూడు క్లిప్పులు, ఒక్కొక్కటి ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు. ఒకటి గొడవ సీన్. ఒకటి ఏ గొడవా లేని మామూలు సీన్: కాఫీ ఇవ్వడం, కారులో వెళ్ళడం, పిల్లకు జడ వేస్తుంటే పక్కన నిలబడటం. ఒకటి ఆ ఇద్దరి మధ్య మూడో మనిషి ఉన్న సీన్.

మామూలు సీన్ ఎందుకంటే, గొడవలో ఎవరికైనా కెమిస్ట్రీ ఉన్నట్టే కనిపిస్తుంది. డైలాగ్ పదునుగా ఉంటుంది, నేపథ్య సంగీతం పైకెత్తుతుంది, కెమెరా మూడుసార్లు మొహం మీదికి దూకుతుంది. ఇవన్నీ లేని చోట ఇద్దరూ ఒకే గదిలో ఉన్నట్టు అనిపిస్తే అది ఆ ఇద్దరి గొప్ప.

క్లిప్పులను ఛానెల్ వాళ్ళ యాప్‌లోని పూర్తి ఎపిసోడ్ నుంచే తీసుకోండి. ప్రతిదానికీ ఎపిసోడ్ తేదీ, మొదలయ్యే నిమిషం, ముగిసే నిమిషం కాగితం మీద రాసిపెట్టుకోండి. అభిమానులు కత్తిరించి, సినిమా పాట తగిలించి పెట్టిన ముక్కలు సాక్ష్యానికి పనికిరావు. వాటిలో ఒక సీన్‌లోని చూపు తెచ్చి ఇంకో సీన్‌లోని డైలాగ్ పక్కన పెడతారు, అందులో కనబడే ప్రేమ ఎడిటింగ్ చేసిన పిల్లాడిది. రెండు సీరియళ్ళ కుటుంబాలను ఒకే పెళ్ళికి తెచ్చే మహాసంగమం ఎపిసోడ్లూ వదిలేయండి. ఆ వారం ఎవరి స్వభావం వాళ్ళకుండదు.

అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా ఇరవై, ఇరవై రెండు నిమిషాలు మిగులుతాయి. అందులోంచి నిన్నటి కథ, టైటిల్స్, రేపటి ముక్క తీసేసి, మన జంట ఇద్దరూ ఒకే చోట ఉన్న సమయాన్ని స్టాప్‌వాచ్‌తో ఒక వారం లెక్కపెట్టండి. ఆ లెక్క చూశాక చాలామంది వాదన మెత్తబడుతుంది. మనం తల్లడిల్లే ప్రేమకథలో ఎక్కువ భాగం వంటింట్లో అత్తలూ తోడికోడళ్ళూ వేసే ఎత్తులే.

ఎవరికి ఏం తెలుసు

కష్టాల్లో ఉన్న ప్రేమ గురించి వచ్చే గొడవల్లో సగానికి మందు ఈ ఒక్క పట్టిక. తెల్ల కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి: నిజం ఏమిటి, ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు, చెప్పే వీలు వచ్చినప్పుడు ఏమైంది.

కార్తీకదీపంతో నింపి చూడండి. కార్తీక్‌కు పిల్లలు పుట్టరని, అతని మీద మనసుపడ్డ మోనిత రిపోర్టు చూపించి నమ్మించింది. అది అబద్ధమని మోనితకు తెలుసు, కార్తీక్‌కు తెలియదు. దీపకు తాను తప్పు చేయలేదని తెలుసు, భర్త అనుమానం వెనక ఆ రిపోర్టు ఉందని మొదట తెలియదు. కార్తీక్ పెంచుకుంటున్న హిమ సొంత మనవరాలేనని అతని తల్లి సౌందర్యకు తెలుసు, కార్తీక్‌కు తెలియదు. ఇంతవరకు రాశాక "ఆడి మనసు మంచిదే, ఆ మోనితే అలగ సేసింది" అనేవాళ్ళకు కొంత బలం వస్తుంది. డాక్టరు రిపోర్టు నమ్మాడు, ఏం చేస్తాడు పాపం?

ఇప్పుడు నాలుగో గడి నింపండి, అక్కడ కథ మారుతుంది. తను డాక్టరై ఉండి రెండో పరీక్ష ఎందుకు చేయించుకోలేదు? దీపతో ముడిపెట్టి అనుమానించిన విహారిని పిలిచి ఒక్కసారి సూటిగా అడిగాడా? దీప మాట పూర్తిగా వినడానికి ఎన్నిసార్లు కూర్చున్నాడు? "ఏటి మంచి? పెళ్ళాన్ని నమ్మడానికి కాగితం కావలసొచ్చినోడు మంచోడేటి?" అనేవాళ్ళు ఇక్కడ లేస్తారు, లేవనివ్వండి.

నాలుగో గడి చదివే పద్ధతి ఇదీ. నిజం చెప్పబోతుంటే ఫోన్ మోగడం, ఎవరో కళ్ళు తిరిగి పడిపోవడం, తలుపు తెరుచుకుని విలన్ రావడం వంటివి అడ్డుపడితే అది రాత ఖాతా. ఆ మనిషి నోరు మూసుకోవాలని తనే నిర్ణయించుకుంటే అది పాత్ర ఖాతా. భయపడి చెప్పలేదా, పౌరుషానికి పోయి చెప్పలేదా, అవతలివాళ్ళను బాధపెట్టకూడదని చెప్పలేదా అన్నది అప్పుడు వాదించుకోవచ్చు. ఫోన్ మోగినందుకు దీపను తిట్టడం అన్యాయం. అదే మోగిన ఫోన్ పెట్టేశాక, మర్నాడు తీరిగ్గా ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా చెప్పకపోతే మాత్రం పాత్ర ఖాతాలోకి రావలసిందే. ఒకే నిజానికి బయటి అడ్డంకి మూడోసారి వచ్చిందంటే ఇక ఆ విషయంలో ఎవరినీ నిందించకండి. కథను సాగదీయాలని పైవాళ్ళు నిర్ణయించారు, పాత్రలు చేయగలిగిందేమీ లేదు.

రాత ఖాతాలో ఇంకొన్ని కారణాలుంటాయి. నటుల డేట్స్ దొరక్కపోతే ఊరు పంపిస్తారు, కోమాలో పెడతారు, గతం మర్చిపోయేలా చేస్తారు. రేటింగ్ పడితే కలవబోతున్న జంటను విడదీస్తారు, మరీ పడితే ఆదరాబాదరాగా కలిపేస్తారు. టీఆర్పీ గురించి ఒక మాట: బార్క్ అనే సంస్థ ఇచ్చే ఆ లెక్క మీటర్లు పెట్టిన కొన్ని ఇళ్ళలో టీవీ చూసినదానిది. రేటింగ్ ఎక్కువ వచ్చిన వారం జంట బాగా పండినట్టు అనుకోవడం తొందరపాటు, ఆ వారం విలన్ జైలుకెళ్ళి ఉండొచ్చు.

తప్పు–క్షమాపణ లెక్క కూడా ఇదే కాగితం వెనక రాయండి. చేసిన తప్పు నలుగురిలోనా, నాలుగు గోడల మధ్యా? క్షమాపణ ఎక్కడ? వీధిలో అవమానించి పడగ్గదిలో సారీ చెబితే అది సగమే. సారీ తర్వాత ప్రవర్తన మారిందా, లేక కొత్త మనిషి రాగానే అదే అనుమానం మళ్ళీ వచ్చిందా? ఏడవడాన్ని క్షమాపణగా లెక్కించకండి. మన హీరోలు వానలో తడుస్తూ బాగా ఏడుస్తారు.

పిలుపులు గమనించడం కూడా పనికొస్తుంది. దీప అన్ని గొడవల్లోనూ "డాక్టర్ బాబు" అనే పిలుస్తుంది. వసుధార ప్రేమలో పడ్డాకా రిషిని "సార్" అంటుంది. రాజ్ కావ్యను "కళావతి" అంటాడు, అది మొదట వెక్కిరింపు, తర్వాత ముద్దు. ఒకే పిలుపు ఏ ఎపిసోడ్ దగ్గర రంగు మార్చిందో తేదీతో సహా పట్టుకొస్తే దానికన్నా మంచి సాక్ష్యం లేదు.

కెమిస్ట్రీని పరీక్షించడం

"వాళ్ళిద్దరి మధ్య ఏదో ఉంది" అనేది అనుభూతి. ఆ ఏదో ఎక్కడుందో చూపించాలి. అందుకు క్లిప్‌ను నాలుగుసార్లు వేయాలి.

మొదటిసారి శబ్దం పూర్తిగా ఆపి, మాట్లాడేవాళ్ళను మాత్రమే చూడండి. రెండోసారి కూడా శబ్దం లేకుండానే, వినేవాళ్ళను మాత్రమే చూడండి. రెండోసారే అసలు విషయం బయటపడుతుంది. బాగా పండే జంటలో వినేవాళ్ళ మొహం, అవతలి మాట ముగియకముందే మారుతుంది. మాట గుచ్చుకున్న చోట రెప్ప పడుతుంది, గుటక పడుతుంది. పండని జంటలో వినేవాళ్ళు తమ వంతు కోసం ఆగి ఉంటారు. ఎదుటివాళ్ళ మాట ముగిశాక ఒక క్షణం ఖాళీ, ఆ తర్వాత మొహం మీదికి కోపం వస్తుంది.

ఆ ఖాళీకి నటులను తప్పుబట్టే ముందు సెట్‌లో పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. మన సీరియళ్ళలో ఎక్కువగా అసిస్టెంట్ డైరెక్టర్ పక్కన నిలబడి డైలాగ్ బయటికి చదువుతుంటే నటులు దాన్ని అందుకుని చెబుతారు. గొంతు తర్వాత డబ్బింగ్‌లో పడుతుంది. దీప వేసిన ప్రేమి విశ్వనాథ్‌ది కేరళ. రిషి, వసుధార వేసిన ముఖేష్ గౌడ, రక్ష గౌడ కన్నడవాళ్ళు. తెలుగు కొత్తగా పట్టుకుంటున్న నటికి ప్రాంప్టింగ్ చెవిలో పడి, అర్థం మనసుకెక్కి, మొహం మీదికి రావడానికి కొంత వ్యవధి పడుతుంది. అందుకని ఒక సీరియల్ మొదటి నెలల క్లిప్పునూ, ఏడాది తర్వాతి క్లిప్పునూ పక్కపక్కన వేసి చూడండి. ఖాళీ తగ్గితే వాళ్ళు ఒకరికొకరు అలవాటు పడ్డారన్నమాట.

మూడోసారి తెర మీద తువ్వాలు కప్పి శబ్దం మాత్రమే వినండి. అప్పుడు గుండె కదిలితే ఆ పుణ్యంలో డబ్బింగ్ కళాకారులకూ సంగీతానికీ పెద్ద వాటా ఉంది. శబ్దం లేకుండా చూసినప్పుడు ఏమీ అనిపించక, శబ్దంతోనే కన్నీళ్ళొస్తే, "జంట అదిరింది" అని రాయకండి, "సీన్ అదిరింది" అని రాయండి.

నాలుగోసారి షాట్లు లెక్కపెట్టడానికి. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్న టూ షాట్లు ఎన్ని, ఒకరి భుజం మీదుగా ఇంకొకరి మొహం కనిపించే సజెషన్ షాట్లు ఎన్ని, ఒంటరి క్లోజప్‌లు ఎన్ని అని గీతలు పెట్టండి. సీన్ మొత్తంలో ఒక్క టూ షాట్ కూడా లేకపోతే జాగ్రత్త పడాలి. ఇద్దరికీ ఒకేరోజు కాల్‌షీట్ కుదరనప్పుడు, ఒకరి క్లోజప్‌లు ఒకరోజు, ఇంకొకరివి ఇంకోరోజు తీసి అతికిస్తారు. దాన్ని పట్టుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. సజెషన్‌లో భుజం, జుట్టు మాత్రమే కనబడి మొహం ఎప్పుడూ తిరగదు, అంటే అక్కడ డూప్ నిలబడి ఉండొచ్చు. కర్టెన్ మడతలు, టేబుల్ మీది గ్లాసు ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ మారతాయి. అన్నిటికన్నా నమ్మకమైనది చూపు ఎత్తు. పొడుగాటి హీరోతో మాట్లాడే అమ్మాయి క్లోజప్‌లో తల ఎత్తి చూడాలి. ఆమె చూపు నేరుగా, తన ఎత్తులోనే ఉంటే ఎదురుగా అతను లేడు. అలాంటి సీన్ మీద కెమిస్ట్రీ తీర్పు చెప్పకండి, ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. ఆ క్లిప్ పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి.

మూడో మనిషి ఉన్న క్లిప్‌తో చివరి పరీక్ష. మోనిత లాంటి పాత్ర మాట్లాడుతున్నప్పుడు భార్యాభర్తలు ఎవరివైపు చూస్తున్నారు? కోపంలో ఉన్న భర్త కూడా, మూడో మనిషి మాటకు భార్య మొహం ఎలా మారిందోనని ఒక్కసారి అటు చూసేస్తే, ఆ చూపు స్క్రిప్టులో రాసి ఉండదు.

నటన ఖాతాలో మార్కులు వేస్తే సున్నా నుంచి మూడు దాకా చాలు. వినడానికి విడిగా, మామూలు సీన్‌కు విడిగా, మూడో మనిషి సీన్‌కు విడిగా వేయండి. కలిపి సగటు తీయకండి. గొడవల్లో భగ్గుమని, కాఫీ సీన్‌లో చల్లారిపోయే జంటకు సగటున వచ్చే "ఫర్వాలేదు" ఆ జంట గురించి ఏమీ చెప్పదు.

కథ ప్రభావాన్నీ నటుల ప్రభావాన్నీ విడదీయడానికి కార్తీకదీపం అభిమానులకు దొరికినంత సరంజామా ఇంకెవరికీ దొరకలేదు. ఆ సీరియల్ మలయాళ కరుతముత్తుకు రీమేక్. అక్కడా మొదట్లో నాయిక ప్రేమి విశ్వనాథే, కానీ ఎదుట భర్త పాత్రలో కిషోర్ సత్య. అంటే అదే నటి, అలాంటి కథే, మనిషి వేరు. తెలుగులో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచింది. 2022లో కథ పిల్లలు పెద్దవాళ్ళయిన కాలానికి దూకి, దీప, కార్తీక్ తెర మీద లేకుండా కొన్ని నెలలు సాగింది. ఆ తర్వాత ఇద్దరినీ వెనక్కి తెచ్చారు. ఆ నెలల ఎపిసోడ్లు, జంట లేకపోతే ఆ ఇల్లు, ఆ సంగీతం, ఆ కష్టాలు ఎంతవరకు నిలబడతాయో చూపిస్తాయి. ఆపై 2024 మార్చిలో "ఇది నవ వసంతం" పేరుతో రెండో భాగం మొదలైంది. అదే ఇద్దరు నటులు, పాత్రల పేర్లూ అవే, కథ కొత్తది. మొదటి కథ మీద కోపంతో డాక్టర్ బాబును చూడలేకపోయినవాళ్ళు రెండో భాగంలో జంటను ఇష్టపడితే, వాళ్ళ గొడవ పాత్రతోనే తప్ప నటనతో కాదని తేలిపోతుంది. మలయాళం, తెలుగు మొదటి భాగం, రెండో భాగం, ఈ మూడింటి నుంచీ ఒక్కొక్క మామూలు సీన్ తీసి వరసగా వేయండి, శబ్దం లేకుండా.

కూర్చున్నప్పుడు

పక్షాలు ఇష్టాన్ని బట్టి కాకుండా చీటీలు వేసి తేల్చండి. రిషి, వసుధార పేర్లు కలిపి రిషిధార అని ఫోన్ వాల్‌పేపర్ పెట్టుకున్న అమ్మాయికి రిషి మీద అభియోగం మోపే చీటీ వస్తే ఆ అభియోగమే అందరికన్నా బలంగా ఉంటుంది. అతని లోపాలన్నీ ఆమెకే తెలుసు మరి. మొదటి పావుగంట కథ గుర్తుచేసుకోవడానికి, అరగంట క్లిప్పులకు, మిగిలినదంతా వాదనకు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, జవాబుకు ఒక నిమిషం.

సమయం అయిపోయిందని చెప్పడం మన దగ్గర కష్టమైన పని. పెద్దత్తయ్య మాట్లాడుతుంటే ఇంటర్ చదివే పిల్ల చెయ్యెత్తి ఆపలేదు, ఆపితే ఇంటికెళ్ళాక వేరే వాదన. అందుకని టైమర్ పెద్దవాళ్ళ చేతికే ఇవ్వండి. గుంపులో అందరికన్నా పెద్దావిడ ఫోన్‌లో టైమర్ పెట్టుకుని కూర్చుంటే రెండు పనులవుతాయి: ఆవిడ సమయం ఆవిడే దాటరు, మిగిలినవాళ్ళు ఆవిడ మాట దాటరు. అల్లుళ్ళు, మావయ్యలు "మేం సీరియళ్ళు చూడం" అంటూ పక్క గదిలో ఉండి అక్కడినుంచే కథలో తప్పులు దిద్దుతుంటారు. అలా దిద్దేవాళ్ళను లోపలికి పిలిచి చీటీ తీయించండి.

"నాకెందుకో అలా అనిపించింది" అనే మాట నిషేధించకండి గానీ, వెంటనే "ఏ ఎపిసోడ్‌లో, ఏ చోట?" అని అడగండి. గుర్తు లేకపోతే ఫర్వాలేదు, వచ్చే వారానికి వెతికి తెమ్మని కాగితంలో రాయండి. వెతికేటప్పుడు సగం మంది తమ జ్ఞాపకం తప్పని తెలుసుకుంటారు. జనం గుర్తుంచుకునేది తరచుగా ప్రోమోలో వేసిన ముక్కనే.

నటుల సొంత పెళ్ళిళ్ళు, విడాకులు, ఎవరు ఎవరితో తిరుగుతున్నారన్న కబుర్లు గది బయటే ఆగాలి. తెర మీద బాగా పండితే బయట ఏదో ఉందనడం వాళ్ళ పనితనాన్ని తక్కువ చేయడమే. విలన్ వేసే నటిని ఆమె పాత్ర పేరుతో తిట్టడం కూడా అంతే.

ఒక్కోసారి వాదన తెర దాటి వస్తుంది. అనుమానించే భర్త గురించి మాట్లాడుతుండగా ఒకావిడ గొంతు మారిపోతుంది, లేదా ఒక్కసారిగా మౌనమైపోతుంది. అక్కడితో టైమర్ ఆపి టీ పెట్టండి. "నీకేమైందమ్మా" అని అందరి ముందు అడగకండి, ఆ చీటీని ఆవిడ చేత వాదించనూ వద్దు. తర్వాత దగ్గరివాళ్ళు ఒక్కరే మాట్లాడాలి. అవసరమైతే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉందని చెప్పాలి. ఇదే కారణంగా "కొడితే ఏముంది, ప్రేమ ఉన్న చోటే కోపం" అనే వాదనను చీటీలో పెట్టకండి. చెంపదెబ్బ సీన్ వస్తే అది పాత్ర ఖాతాలో తప్పుగానే పడుతుంది. దాన్ని రొమాంటిక్ సంగీతంతో చూపించారా అన్నది రాత ఖాతాలో వాదించుకోండి.

ముగిశాక రాసుకోవలసింది

ఓట్లు మూడు ఖాతాలకు మూడు విడిగా వేయించండి. పాత్ర ఖాతాలో కార్తీక్ ఓడిపోయి, నటన ఖాతాలో అదే జంట గెలవడం చాలా మామూలు. ఒకే ఓటు పెడితే ఆ తేడా కనబడదు, ఆ తేడా వల్లనే కదా గొంతులు లేచింది. వాదనకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చీటీల మీద రాయించి, ఎవరు ఏ ఖాతాలో మారారో మాత్రమే నోట్‌బుక్‌లో ఎక్కించండి. పక్కన ఏ క్లిప్ చూశాక మారారో తేదీ, నిమిషంతో రాయాలి.

సీరియల్‌లో నటుడు మారిపోతే ఆ జంట పాత నటన లెక్క అంతటితో మూసేయండి, పాత్ర, రాత ఖాతాలు అలాగే నడుస్తాయి. కొత్త నటుడికి కనీసం నెల రోజుల ఎపిసోడ్లు గడిచేదాకా క్లిప్పులు వేయకండి. మొదటి వారంలో వేస్తే గదిలో అందరూ పాత మొహాన్నే వెతుక్కుంటారు, ఆ అబ్బాయి ఎలా చేస్తున్నాడో ఎవరూ చూడరు.